హోరు చాటున మాట

కరెంటు పోయి సీలింగ్ ఫ్యాన్లు ఆగగానే తహసీల్దారు కార్యాలయంలో ఒక వింత జరుగుతుంది. మూల బల్ల దగ్గర ఇద్దరు గొంతు తగ్గించి చెప్పుకుంటున్న సంగతి గది మొత్తానికీ వినబడుతుంది. వాళ్లేమీ గొంతు పెంచలేదు. ఇంతసేపూ వాళ్ల మాటను దాచింది ఫ్యాను రెక్కల హోరు. అది ఆగేసరికి మాట బయటపడింది.

ఫ్యాను తెలియక చేసే ఈ పనిని కొలిచి, కావాలని, డబ్బు పుచ్చుకుని చేసే పరిశ్రమ ఒకటుంది. ఆ పద్ధతిని సౌండ్ మాస్కింగ్ అంటారు. ఫాల్స్ సీలింగ్‌లో స్పీకర్లు అమర్చి, ఏసీ గాలి చప్పుడులాంటి సన్నని హోరును హాలంతా ఒకే తీరుగా పరుస్తారు. అమ్మేవాళ్లు చెప్పే లాభాలు మూడు: ఆఫీసు గోల బాధించదు, పని సాగుతుంది, ఒకరి మాట ఇంకొకరి చెవిన పడదు. విన్నవాళ్లకు వచ్చే సందేహం మాత్రం ఒకటే. గోల తగ్గించడానికి ఇంకో చప్పుడు తెచ్చిపెట్టడమేమిటి?

ఆ సందేహానికి అరవై ఏళ్లుగా జవాబులు చెబుతూనే ఉన్నారు. ధ్వని ఇంజనీర్లది ఒక లెక్క, మనస్తత్వ శాస్త్రవేత్తలది మరో లెక్క, అమ్మకందార్లది ఇంకో లెక్క. చర్చ ఇంతగా చిక్కుపడడానికి కారణం వెతికితే ఒకచోట తేలుతుంది: చిరాకు, పని, రహస్యం అనే మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే స్పీకరు నెత్తిన పెట్టారు. విడదీసి చూస్తే ఒకదానికి గట్టి జవాబే దొరికింది, ఒకదానికి సగం దొరికింది, మూడోదానికి స్పీకరు సరిపోదని తేలింది.

గోడలు పోయాక

పెద్ద హాలులో వందలమందిని కూర్చోబెట్టడం కొత్త సంగతి కాదు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అమెరికాలోని బఫెలోలో 1906లో పూర్తిచేసిన లార్కిన్ భవనంలోనూ, 1939లో విస్కాన్సిన్‌లో కట్టిన జాన్సన్ వ్యాక్స్ ఆఫీసులోనూ గుమాస్తాలు బారులు తీరి కూర్చున్నారు. కాకపోతే ఆ కాలపు హాళ్లలో టైపు మిషన్ల టకటక ఉండేది. మాట అందులో మునిగిపోయేది.

మాటే సమస్యగా మారడానికి బీజం 1950ల చివర జర్మనీలో పడింది. హాంబర్గ్ దగ్గరి క్విక్‌బోర్న్‌లో ఎబర్‌హార్డ్, వోల్ఫ్‌గాంగ్ ష్నెల్లె అనే అన్నదమ్ములు ఆఫీసు గదుల మీద యుద్ధం ప్రకటించారు. గదులూ తలుపులూ హోదాను చాటడానికి తప్ప పని సాగడానికి పనికిరావన్నారు. వాటి స్థానంలో తివాచీలు, పూలకుండీలు, కదిలే తెరలు, వరుస తప్పించి పరచిన బల్లలు వచ్చాయి. దానికి బ్యూరోలాండ్‌షాఫ్ట్ అని పేరు పెట్టారు. ఆఫీసే ఒక ప్రకృతి దృశ్యమని భావం. శబ్దం సంగతి వాళ్లకూ తట్టకపోలేదు. హాలు పెద్దదై మనుషులు ఎక్కువైతే అందరి మాటలూ కలిసి ఒక రొదగా మారిపోతాయనీ, ఏ ఒక్కరి మాటా విడిగా తేలదనీ వాళ్ల ధీమా. సంతలో నిలబడితే జరిగేది అదే. కానీ ఆఫీసు రోజంతా సంతలా ఉండదు. మధ్యాహ్నం మూడింటికి హాలు సద్దుమణిగి, ఒక్కరే ఫోన్లో మాట్లాడుతుంటే ఆ ధీమా చెదిరిపోతుంది.

ఈ పద్ధతి 1967లో డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో డ్యూపాంట్ కంపెనీ ఆఫీసు ద్వారా అమెరికా చేరింది. మరుసటేడు హెర్మన్ మిల్లర్ సంస్థ రాబర్ట్ ప్రాప్‌స్ట్ రూపకల్పన చేసిన యాక్షన్ ఆఫీస్ రెండో తరాన్ని మార్కెట్లో పెట్టింది. ప్రాప్‌స్ట్ ఊహించినది పనిచేసేవాళ్లు తమ ఇష్టప్రకారం జరుపుకోగల తెరలు. కంపెనీలు కొన్నది అడుగుల లెక్కన చవగ్గా సర్దుకునే క్యూబికళ్లు. తర్వాత అవీ పొట్టివై, చివరకు మాయమై, పొడవాటి బల్లలు మిగిలాయి.

ఇదే కాలంలో మరో మార్పు చడీచప్పుడూ లేకుండా జరిగిపోయింది. టైపు మిషన్లు పోయాయి, ఏసీ యంత్రాలు నెమ్మదించాయి, గ్రీన్ బిల్డింగుల పేరుతో యంత్రగాలిని తగ్గించిన భవనాలు వచ్చాయి. ఆఫీసు నిశ్శబ్దమైనకొద్దీ మాట మరింత దూరం వినబడసాగింది.

ఫలితం సర్వేల్లో కనిపించింది. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన జుంగ్‌సూ కిమ్, రిచర్డ్ డి డియర్ 2013లో 303 ఆఫీసు భవనాల్లోని 42 వేలకు పైగా ఉద్యోగుల జవాబులు పరిశీలిస్తే, గోడల్లేని ఆఫీసుల్లో అసంతృప్తికి ముందువరసలో నిలిచింది మాటల గోప్యతే. కలిసి కూర్చుంటే కలిసి పనిచేస్తారన్న లాభం ఈ నష్టాన్ని పూడ్చలేదని కూడా వాళ్లు తేల్చారు. హార్వర్డ్‌లో ఈతన్ బెర్న్‌స్టైన్, స్టీఫెన్ టర్బన్ 2018లో ఇంకో అడుగు ముందుకేశారు. రెండు కంపెనీల ప్రధాన కార్యాలయాల్లో గోడలు తీసేయకముందూ తీసేశాకా ఉద్యోగుల మెడలో పరికరాలు వేసి కొలిచారు. ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం పడిపోయాయి, ఈమెయిళ్లు పెరిగాయి. నలుగురూ వింటారన్న జంకు మనుషుల్ని మూగవాళ్లను చేసిందేమో.

గట్టిమేళం, ట్రాము రేడియో, పళ్ల డాక్టరు

వినకూడనిదాన్ని వినదగిన చప్పుడుతో కప్పడం తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మాంగల్యధారణ వేళ తుమ్మో అశుభపు మాటో చెవిన పడకూడదనే కదా, పురోహితుడు వేలెత్తి గట్టిమేళం అనగానే డోలూ సన్నాయీ ఒక్కసారిగా ఊపందుకునేది. ఆఫీసు హోరుకూ గట్టిమేళానికీ సూత్రం ఒకటే, తేడా మోతాదులో ఉంది.

ఆఫీసుల్లోకి మొదట వచ్చిన చప్పుడు మాత్రం సంగీతం. అమెరికా సైన్యంలో జనరల్‌గా పనిచేసిన జార్జ్ ఓవెన్ స్క్వయర్ తీగల ద్వారా సంగీతం పంపే తన కంపెనీకి 1934లో మ్యూజాక్ అని పేరు పెట్టాడు. పావుగంట విడతలుగా పాటల వేగం మెల్లగా పెంచుతూ పోతే పనివాళ్ల చురుకు పెరుగుతుందని ఆ కంపెనీ ప్రచారం చేసింది. యుద్ధకాలంలో, 1940 జూన్‌లో, బీబీసీ ఇదే ఉద్దేశంతో ఫ్యాక్టరీల కోసం ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’ కార్యక్రమం మొదలుపెట్టింది.

అడగని చప్పుడును చెవుల్లో పోయవచ్చా అన్న ప్రశ్న కోర్టుకెక్కడానికి ఎంతోకాలం పట్టలేదు. వాషింగ్టన్‌లో ట్రాములూ బస్సులూ నడిపే కంపెనీ వాటిలో రేడియో పెట్టింది. ప్రయాణికులు దావా వేశారు. 1952లో సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. జస్టిస్ విలియం డగ్లస్ ఒప్పుకోలేదు. దిగిపోయే వీల్లేక కూర్చున్న మనిషికి వినకుండా ఉండే హక్కు ఉండాలన్నాడు. జస్టిస్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ఆ కేసు విచారణ నుంచే తప్పుకున్నాడు. ఆ రేడియో బాధితుల్లో తానూ ఒకణ్ణని, నిష్పక్షపాతంగా ఉండలేనని ఆయన చెప్పుకున్న కారణం.

పాటకు మొదలూ చివరా ఉంటాయి, చరణం మారితే మనసు అటు పోతుంది. ఏ ఆకారమూ లేని చప్పుడు మీద ఆసక్తి ఇంకో దారిలో పెరిగింది. 1960లో వాలెస్ గార్డ్‌నర్ అనే పళ్ల డాక్టరు, ధ్వని మనస్తత్వ శాస్త్రవేత్త జె.సి.ఆర్. లిక్‌లైడర్ ఒక పద్ధతిని ‘సైన్స్’ పత్రికలో వివరించారు. రోగికి హెడ్‌ఫోన్లు పెట్టి సంగీతంతోపాటు జలపాతంలాంటి హోరు వినిపిస్తే, మత్తు లేకుండానే పన్ను తొలిచే బాధను చాలామంది ఓర్చుకున్నారట. హోరు పెంచే మీట రోగి చేతిలోనే ఉండేది. ఈ ఉత్సాహం కొన్నేళ్లలో చల్లారిపోయింది గానీ, ఆ మీట సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

ఆఫీసు మాస్కింగ్‌కు అసలు పునాది వేసింది మసాచుసెట్స్‌లోని బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థ ఇంజనీర్లు. తర్వాతి రోజుల్లో ఇంటర్నెట్‌కు ముత్తాతలాంటి ఆర్పానెట్‌కు యంత్రాలు తయారుచేసిందీ ఈ సంస్థే. అక్కడి విలియం కావనా, మరో ముగ్గురు కలిసి 1962లో ప్రచురించిన పత్రం ఒక మామూలు నమ్మకాన్ని తలకిందులు చేసింది. పక్కగది మాట వినబడుతుందా లేదా అన్నది గోడ మందం ఒక్కటే తేల్చదు, వినేవాడి గదిలో ముందే ఎంత చప్పుడుందో అదీ తేలుస్తుంది అన్నారు. నిశ్శబ్దమైన గదిలో మందపాటి గోడ కూడా ఓడిపోతుంది. కాస్త హోరున్న గదిలో పల్చటి గోడైనా నెగ్గుకొస్తుంది.

కాఫ్కా కథ చదివిన గొంతు

చప్పుడు ఎంత పెద్దదైతే అంత నష్టమని ఎవరైనా అనుకుంటారు. ప్రయోగశాలలో అలా తేలలేదు. 1976లో హెర్బర్ట్ కోల్, ఆలన్ వెల్ష్ కొందరు విద్యార్థులకు అక్షరాల వరుసలు చూపించి, వాటిని అదే క్రమంలో తిరిగి రాయమన్నారు. ఆ సమయంలో ఒక గొంతు ఫ్రాంజ్ కాఫ్కా కథను జర్మన్‌లో చదువుతోంది. విద్యార్థులకు జర్మన్ రాదు. అయినా తప్పులు పెరిగాయి. గొంతును తగ్గించినా నష్టం పెద్దగా తగ్గలేదని ఆ తర్వాతి ప్రయోగాలు చెప్పాయి.

దీనికి బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో డిలన్ జోన్స్ బృందం ఒక వివరణ ఇచ్చింది. ఒకే చప్పుడు పదేపదే వస్తే మెదడు దాన్ని పక్కకు తోసేస్తుంది; క్షణక్షణం మారే చప్పుడును తోసేయలేదు. మనిషి మాట అలా మారడంలో అన్నిటికన్నా ముందుంటుంది. అక్షరం అక్షరానికీ మారుతుంది. అదే బృందం 1995లో మరో సంగతి గమనించింది. గొంతుల సంఖ్య పెరిగి అన్నీ కలిసిపోతే నష్టం తగ్గుతుంది. ష్నెల్లె అన్నదమ్ముల సంత లెక్క పూర్తిగా తప్పు కాదన్నమాట. హాలు ఎప్పుడూ నిండుగా ఉంటేనే అది పనిచేస్తుంది, అంతే.

అర్థమయ్యే మాటైతే నష్టం ఇంకో రకం. చదివి గ్రహించే పనిలో ఉన్నవాడికి పక్కన తెలిసిన భాషలో మాట్లాడితే అర్థమే అడ్డొస్తుంది. సగం మాట మరీ ప్రమాదం. కార్నెల్‌లో లారెన్ ఎంబర్సన్ బృందం 2010లో చూపించినదాని ప్రకారం, ఇద్దరి సంభాషణ మొత్తం వినబడినప్పటికంటే ఫోన్లో ఒకవైపు మాటే వినబడినప్పుడు దృష్టి ఎక్కువ చెదురుతుంది. అవతలివాడు ఏమన్నాడో మనసు ఊహించుకుంటూ పోతుంది మరి.

ఇవన్నీ కలిపి ఫిన్లాండ్ పరిశోధకుడు వాల్టెరి హోంగిస్టో 2005లో ఒక గీత గీశాడు. నెదర్లాండ్స్‌లో హౌట్‌గాస్ట్, స్టేనెకెన్ తయారుచేసిన మాట స్పష్టతా సూచికను ఆయన కొలబద్దగా తీసుకున్నాడు. దాని పేరు ఎస్‌టీఐ. సున్నా అంటే ఒక్క మాటా అందదు, ఒకటి అంటే ప్రతి మాటా అందుతుంది. ఆయన లెక్కలో ఈ సూచిక 0.2 దాటినప్పటి నుంచీ పని దెబ్బతింటుంది, 0.6 దగ్గరకు వచ్చేసరికి నష్టం గరిష్ఠంగా 7 శాతానికి చేరుతుంది. ఆ 7 శాతం అమ్మకందార్ల కరపత్రాల్లో స్థిరపడిపోయింది. అది ప్రయోగశాలల్లో చేసిన కొన్ని రకాల పనుల నుంచి అంచనాగా తీసిన గీత అన్న సంగతి కరపత్రం దాకా రాలేదు. హోంగిస్టో బృందమే 2020లో మరిన్ని ప్రయోగాలు చేర్చి దాన్ని సవరించింది.

హెడ్‌ఫోన్ల సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. చప్పుడును రద్దుచేసే హెడ్‌ఫోన్లు విమానం ఇంజన్ లాంటి లోతైన, నిలకడైన హోరును బాగా తీసేస్తాయి. హఠాత్తుగా మారే మాటను అంత బాగా పట్టలేవు. ఏసీ హోరు పోయి, దాని చాటున దాగిన పక్కవాడి మాట మరింత తేటగా వినబడిందని కొందరు వాపోవడం వింతేమీ కాదు.

సీలింగ్ పైన జరిగేది

మామూలు గొంతుతో మాట్లాడే మనిషికి మీటరు దూరంలో చప్పుడు సుమారు 57 డెసిబెళ్లు. చాలా ఆఫీసుల్లో ఏసీ చప్పుడు 35 నుంచి 40 మధ్య ఉంటుంది. మాట దూరం పోయినకొద్దీ తగ్గుతుంది గానీ, ఏసీ చప్పుడు మట్టం కన్నా కిందికి దిగేలోపు పది పన్నెండు మీటర్లు ప్రయాణించేస్తుంది. మాస్కింగ్ చేసేది ఈ అడుగు మట్టాన్ని కాస్త లేపడం. ఏరు నిండితే రాళ్లు కనబడనట్టు, దూరపు మాటలు అందులో మునిగిపోతాయి. దగ్గరి మాటలు మునగవు. పక్క కుర్చీలోని మనిషి మాటను ఏ మాస్కింగూ దాచలేదు. కొనేవాళ్లు ఎక్కువగా మరిచేది ఇదే.

ఎంత లేపాలి? కెనడా జాతీయ పరిశోధన మండలిలో జెన్నిఫర్ వీచ్, జాన్ బ్రాడ్లీ బృందం 2000ల మొదట్లో చేసిన పరీక్షల నుంచి వచ్చిన సలహా 45 డెసిబెళ్లు, 48 దాటకూడదు. దాటితే హోరే బాధగా మారుతుంది. పైగా 1911లో ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లాంబార్డ్ ప్రచురించిన సంగతి అడ్డొస్తుంది: చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. పెళ్లిపందిట్లో మేళం పక్కన కూర్చుని క్షేమ సమాచారాలు అడిగినట్టు, హాలంతా అరుపులే మిగులుతాయి. అంటే కప్పాల్సిన మాటకూ చిరాకు పెట్టే హోరుకూ మధ్య మిగిలిన ఇరుకు సందు పది డెసిబెళ్లలోపే.

హోరు రకం కూడా ముఖ్యమే. జనం నోట ‘వైట్ నాయిజ్’ అని నలిగినా, ఆఫీసుల్లో వాడేది అది కాదు. అన్ని పౌనఃపున్యాల్లో సమశక్తి ఉండే వైట్ నాయిజ్ చెవికి బుస కొట్టినట్టు ఉంటుంది. ఆఫీసు హోరు కీచు వైపు పోయినకొద్దీ తగ్గేలా దిద్దుతారు. అయినా హల్లులు తేలే 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య మాటను కప్పేంత బలం ఉంచుతారు. అచ్చుల కన్నా హల్లులే మాటను ఇది ఫలానా అని చెబుతాయి. వాటిని మసకబారిస్తే చాలు, గొంతు వినబడుతూనే ఉన్నా మాట పోతుంది.

స్పీకర్లు ఎటు చూడాలన్న దానిమీద ఇంజనీర్ల మధ్య పాత తగవు ఒకటుంది. సీలింగ్ పైన దాచి పైకప్పు వైపు తిప్పితే హోరు చెదిరి మెత్తగా దిగుతుందని ఒక వర్గం అంటుంది. సీలింగ్‌కు రంధ్రం చేసి నేరుగా కిందికి పెడితే ఎంత చప్పుడు ఎక్కడ పడుతుందో అదుపులో ఉంటుందని మరో వర్గం. ఎవరి కంపెనీ ఏది అమ్ముతుందో తెలిస్తే ఎవరి వాదం ఏదో చెప్పొచ్చు.

ఎవరి వాదం ఏది

మాస్కింగ్‌ను బలపరిచేవాళ్లలో ఎక్కువమంది ఉత్తర అమెరికా ఇంజనీర్లు. వాళ్లు కూడా దాన్ని ఒంటరిగా వాడమనరు. పీల్చు, అడ్డు, కప్పు అన్న మూడు మాటలు వాళ్ల మూలమంత్రం: సీలింగూ తివాచీ చప్పుడును పీల్చాలి, తెరలు అడ్డుకోవాలి, మిగిలినదాన్ని హోరు కప్పాలి. ఆచరణలో ముందు రెంటికీ డబ్బు ఎక్కువ. కట్టిన భవనంలో పైకప్పు మార్చడం కంటే స్పీకర్లు తగిలించడం తేలిక. మూడో మాట ఒక్కటే కొని మొదటి రెండూ మరిచిన ఆఫీసుల నుంచి మాస్కింగ్‌కు చెడ్డపేరు వచ్చిందంటే నమ్మొచ్చు.

రెండో వర్గం ఐరోపాలో బలంగా ఉంది. దానికి చప్పుడు తగ్గించడమే ధర్మం, కలపడం కాదు. ఈ వర్గం తొలి ఆయుధం పీల్చే పైకప్పు. రెండోది కొలత: ఐఎస్ఓ 3382-3 అనే ప్రమాణం 2012లో వచ్చి, 2022లో సవరణ పొందింది. అది ఆఫీసును ఎంత చప్పుడుందని అడగదు. మాట ఎంత దూరం అర్థమవుతుందని అడుగుతుంది. ఎస్‌టీఐ 0.5 కంటే తగ్గే దూరాన్ని పరధ్యాన దూరం అంటుంది. 2012 నాటి సూచనల్లో అది 5 మీటర్లలోపైతే మంచి హాలు, 10 మీటర్లు దాటితే నాసిరకం. ఫిన్లాండ్‌లో అన్ను హాపాకాంగస్ బృందం 21 ఆఫీసుల్లో కొలిచి, ఈ దూరం పెరిగినకొద్దీ ఉద్యోగుల ఫిర్యాదులు పెరుగుతాయని 2017లో చూపించింది. ఈ కొలతతో రెండు వర్గాలకూ ఒకే కొలబద్ద దొరికింది. ఆ దూరాన్ని పైకప్పుతో తగ్గించారా, స్పీకరుతో తగ్గించారా అన్నది కొలబద్దకు పట్టదు.

మూడో వర్గం హోరు బదులు వాగు పారించమంటుంది. అమెరికాలోని రెన్సెలర్ పాలిటెక్నిక్‌లో యోనాస్ బ్రాష్ బృందం 2015లో కొండవాగు చప్పుడుతో ప్రయోగాలు చేసి ఆశలు రేపింది. ప్రయోగశాలలో సెలయేటి చప్పుడే మిగతావాటికన్నా నచ్చిందని ఫిన్లాండ్‌లోనూ 2011లో తేలింది. తీరా అదే హోంగిస్టో బృందం నీటి చప్పుళ్లను నిజమైన ఆఫీసులో వారాల తరబడి వినిపించి చూస్తే, మామూలు హోరు కంటే అవి మెరుగని తేలలేదు. 2017లో వచ్చిన ఈ ఫలితం మొత్తం రంగానికే ఒక హెచ్చరిక. పావుగంట విన్నప్పుడు హాయి అనిపించిన సెలయేరు, ఎనిమిది గంటలు వింటే కుళాయి కట్టడం ఎవరో మరిచినట్టు ఉంటుంది.

వీళ్లందరినీ పక్కన నిలబడి చూసే నాలుగో వర్గం ఒకటుంది. తలుపున్న గది ఇవ్వండి, ఈ గొడవంతా పోతుంది అంటుంది. నెదర్లాండ్స్, స్కాండినేవియా దేశాల్లో 1970ల తర్వాత ఆఫీసులు చిన్న గదుల వైపు మళ్లడంలో ఈ వాదం గెలిచింది. చదరపు అడుగు అద్దె లెక్కేసే చోట గెలవలేదు.

రహస్యం వేరే లెక్క

చిరాకు తగ్గడానికి మాట సగం చెదిరితే చాలు. రహస్యానికి అది చాలదు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఇ1130 దీన్ని శాతాల్లో చెబుతుంది. గోప్యతా సూచిక 80 దాటితే మామూలు గోప్యత: మాట వినబడుతుంది గానీ ప్రయత్నిస్తే తప్ప అర్థం కాదు. 95 దాటితేనే రహస్యం. గోడల్లేని హాలులో 95 చేరడం దాదాపు అసాధ్యం. జీతం బేరమాడడానికీ, జబ్బు సంగతి చెప్పడానికీ గది కావాలి. ఆ గది గోడ పల్చగా ఉంటే బయట హోరు పెట్టడం వల్ల ఉపయోగం ఉంటుంది.

అందుకే మాస్కింగ్‌కు బాగా కుదిరిన చోట్లు ఆఫీసు హాళ్లకు బయటే ఉన్నాయి. అమెరికా కోర్టుల్లో న్యాయవాదులు జడ్జి బల్ల దగ్గరకొచ్చి గుసగుసలాడేటప్పుడు జ్యూరీ వినకుండా స్పీకర్లలో హోరు వదులుతారు. అవసరమైన రెండు నిమిషాలే, తర్వాత ఆపేస్తారు. మందుల షాపు కౌంటర్లలో, ఆసుపత్రి రిసెప్షన్లలో, డాక్టరు గది బయటి వరండాల్లో దీన్ని వాడతారు. జపాన్‌లో యమహా సంస్థ 2011లో తెచ్చిన పరికరం ఇంకో దారి తొక్కింది. మనిషి గొంతునే ముక్కలు చేసి, కలగాపులగం చేసి, ప్రకృతి చప్పుళ్లతో కలిపి వినిపిస్తుంది. మాటను మాటతోనే కప్పడం కాబట్టి తక్కువ చప్పుడుతో పని జరుగుతుంది. మందుల కౌంటర్లో అది బాగానే ఉంటుంది. రోజంతా కూర్చునే ఉద్యోగి పక్కన అర్థం కాని గొంతు గొణుగుతుంటే ఏమవుతుందో కాఫ్కా ప్రయోగం ఇదివరకే చెప్పింది.

ఇక్కడ ఈ దశాబ్దంలో కొత్త చిక్కు వచ్చింది. మాస్కింగ్ కప్పేది మనిషి చెవిని. ఇప్పుడు బల్ల మీద ఫోన్లూ, మీటింగును రాసిపెట్టే సాఫ్ట్‌వేర్లూ వింటున్నాయి. నిలకడైన హోరును ఏరిపారేయడం వాటికి వెన్నతో పెట్టిన విద్య. చెవికి అందని మాట మైకుకు అందవచ్చు.

హైటెక్ సిటీ హాలులో

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. 2019లో అదే నగరంలో అమెజాన్ 15 వేలమంది పట్టే క్యాంపస్ తెరిచింది. ఈ రెండు తేదీల మధ్య లక్షలమంది తెలుగువాళ్లు గోడల్లేని హాళ్లలో హెడ్‌సెట్ పెట్టుకుని బతుకుదెరువు వెతుక్కున్నారు. చప్పుడు మీద మన చట్టం మాట్లాడేది ప్రధానంగా బయటి గురించి: 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55 డెసిబెళ్లని గీత గీశాయి. హాలు లోపల పక్కవాడి మాట ఎన్ని మీటర్లు పోవచ్చన్నదానితో ఆ నియమాలకు సంబంధం లేదు. భవన నిర్మాణ నియమావళి 2016లో ధ్వని మీద ఒక విభాగమే ఉంది గానీ, అది చట్టంలా కాక మార్గదర్శకంలా పనిచేస్తుంది.

మన హాళ్లకు ప్రత్యేకమైన ప్రశ్న భాషది. మాట స్పష్టతను కొలిచే తొలి సూచికను 1947లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్రెంచ్, స్టైన్‌బర్గ్ ఇంగ్లిష్ అక్షరాలతో పరీక్షలు చేసి తయారుచేశారు. ఏ పౌనఃపున్యానికి ఎంత విలువివ్వాలో అప్పుడే నిర్ణయమైంది. ఆ విలువలు మన భాషకు సరిపోతాయా అన్నది ప్రశ్న: తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, ఒత్తులు నొక్కుతుంది. మాదాపూర్‌లో ఒకే బల్ల చుట్టూ తెలుగు, హిందీ, తమిళం, ఇంగ్లిష్ నడుస్తాయి. అర్థం కాని తమిళం కూడా వరుస గుర్తుంచుకునే పనిని చెడగొడుతుందనే జర్మన్ కథ ప్రయోగం సూచిస్తుంది. చదివి గ్రహించే పనిని మాత్రం అర్థమయ్యే తెలుగే ఎక్కువ చెడగొట్టాలి. కోడు రాసేవాడికి ఒక హోరూ కస్టమర్ ఈమెయిలు చదివేవాడికి ఇంకో హోరూ కావాలా అన్నది సీటుకు సీటు మారే ప్రశ్న.

మీట ఎవరి చేతిలో

పనికి మాస్కింగ్ మేలు చేస్తుందా అన్న ప్రశ్న ఇంకా తేలకపోవడానికి మనుషులు ఒకే రకం కాకపోవడం కూడా కారణమే. స్వీడన్‌లో యోరన్ సోడెర్లుండ్ బృందం 2007లో పిల్లలకు హోరు వినిపించి జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టింది. ఏడీహెచ్‌డీ అనే ఏకాగ్రతా లోపం ఉన్న పిల్లల మార్కులు పెరిగాయి, మిగతావాళ్లవి తగ్గాయి. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2022లో చేసిన ప్రయోగంలో 45 డెసిబెళ్ల హోరు ఏకాగ్రతనూ సృజననూ పెంచి, ఒత్తిడిని తగ్గించింది. 65 డెసిబెళ్లు ఒక రకం జ్ఞాపకాన్ని పెంచినా ఒత్తిడి కూడా పెంచింది. వినికిడి యంత్రం వాడేవాళ్లకు మాట అందకపోవడమే అసలు సమస్య. వాళ్లకు ఈ హోరు సాయం కాదు. చెవిలో నిత్యం రింగుమనే మోత ఉన్నవాళ్లలో కొందరికి ఊరట, కొందరికి ఉపద్రవం.

దీనికి తోడు ఒత్తిడి ఎప్పుడూ మాటల్లో బయటపడదు. గ్యారీ ఎవాన్స్, డానా జాన్సన్ 2000లో 40 మంది మహిళా గుమాస్తాలను మూడు గంటలపాటు ఆఫీసు చప్పుళ్ల మధ్య కూర్చోబెట్టారు. తమకు ఒత్తిడిగా ఉందని వాళ్లు చెప్పలేదు. కానీ మూత్రంలో ఒత్తిడి హార్మోను ఎపినెఫ్రిన్ పెరిగింది, కుర్చీలో సర్దుకుని కూర్చోవడం తగ్గింది, తర్వాత ఇచ్చిన చిక్కు లెక్కలను త్వరగా వదిలేశారు. సర్వే కాగితం మీద ‘బాగుంది’ అని టిక్కు పెట్టిన ఉద్యోగి శరీరం ఏమంటోందన్నది మాస్కింగ్ మీద వచ్చిన అధ్యయనాలకు కూడా వర్తించే ప్రశ్నే.

పళ్ల డాక్టరు మీట ఇక్కడ పనికొస్తుంది. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ 1960ల చివర్లో చేసి 1972లో పుస్తకంగా తెచ్చిన ప్రయోగాల్లో, భరించలేకపోతే చప్పుడును ఆపుకోవచ్చని కొందరికి ఒక బటన్ ఇచ్చారు. చాలామంది దాన్ని నొక్కనేలేదు. అయినా చప్పుడు ఆగాక ఇచ్చిన పని బటన్ లేనివాళ్లకన్నా వాళ్లకు మెరుగ్గా సాగింది. ఆఫీసు సీలింగ్‌లో ఉన్న హోరుకు ఉద్యోగి చేతిలో బటన్ ఉండదు. ఉండకూడదనేదే అమరిక నియమం. ఒకరు తగ్గిస్తే పక్కవాళ్ల మాటలు మళ్లీ తేలతాయి. కొత్తగా పెట్టినప్పుడు హోరును మొదటి రోజే పూర్తిగా వదలరు. కొన్ని వారాలపాటు రోజుకింతగా పెంచుతూ పోతారు, ఎవరూ గమనించకుండా అలవాటు పడాలని. చెవికి ఇది మంచి పద్ధతే. చెప్పకుండా చేస్తే మాత్రం 1952లో డగ్లస్ లేవనెత్తిన అభ్యంతరం మళ్లీ తలుపు తడుతుంది.

ఇప్పుడు మార్కెట్లోకి వస్తున్నవి తమంతట తామే సర్దుకునే వ్యవస్థలు. హాలు నిండితే హోరు పెరుగుతుంది, ఖాళీ అయితే తగ్గుతుంది. గోల పెరిగినప్పుడు హోరూ పెరిగితే లాంబార్డ్ చెప్పిన అరుపుల పోటీ మొదలవుతుందా, లేక వేగం చాలినంత నెమ్మదిగా ఉంటే చెవి గమనించదా అన్నదాని మీద ఇంజనీర్లు ఇంకా తర్జనభర్జన పడుతున్నారు. అంతకన్నా విచిత్రమైన సంగతి ఇంకోటుంది. హాలు ఎంత గోలగా ఉందో తెలుసుకోవడానికి ఆ వ్యవస్థలు సీలింగ్‌లో మైకులు పెట్టుకుంటాయి. ఉద్యోగి మాట ఎవరి చెవినా పడకుండా కాపాడతానన్న యంత్రం, ఆ పని చేయడానికి రోజంతా ఉద్యోగి మాటలే వింటూ ఉంటుంది.